ఇంటి చదువా? బడి చదువా?

మా అమ్మాయికి నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిననాడు మా ఇంట్లో బిస్మిల్లా జరిగింది. హిందువుల ఇళ్ళల్లో అక్షరాభ్యాసం ఎలాంటిదో మా ఇళ్ళల్లో బిస్మిల్లా అలాంటిది. పిల్లకు కొత్తబట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, పెద్దవారెవరైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని దేవుని పేరు పలికిస్తారు. అరబీ అక్షరాలలో మొదటిదైన అలిఫ్‌ను చూపిస్తారు. ఆ పైన మిఠాయిలు. ఈ నాలుగు నాలుగుల లెక్కకు శాస్త్రాధారం లేదనీ, ఇది మన దేశపు ముస్లింల ఆచారం మాత్రమేననీ మౌల్వీలే చెబుతారు. ఆ మాట మా అమ్మతో అంటే, "శాస్త్రం లేకపోతేనేం, లడ్డూలు వున్నాయిగా?" అన్నది.

ఆ రోజు మా అమ్మాయి అలిఫ్‌ను చూసి, "అబ్బూ, ఇది ఒకటి అంకె కదూ?" అన్నది. నిట్టనిలువు గీత, పసిపిల్లకు ఒకటిలాగే కనిపిస్తుంది మరి. అందరం నవ్వుకున్నాం.

అప్పటికి ఏ చిక్కూ లేదు. చిక్కంతా పిల్లకు ఆరో ఏడు వచ్చి, ఒకటో తరగతిలో వేయవలసి వచ్చినప్పుడు మొదలైంది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను గుంటూరులో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజున నా పేరు విని, నా చేతిలోని భాగవతం చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రెండోవారానికి ఆ వింత పోతుంది. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ; అన్నం పెట్టేది తెలుగు. ఇలాంటి ఇంట్లో పిల్ల చదువు గురించి నాలుగు నోళ్ళు నాలుగు మాటలు చెప్పడంలో ఆశ్చర్యం లేదు.

మా శ్రీమతి ఇస్లామీ స్కూలు అన్నది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో వుంటున్న మా చెల్లెలు ఇంటి చదువు అన్నది. మా అమ్మ, "నీకూ మీ నాన్నకూ పొద్దున మసీదులో హజరత్, తరవాత వీధిబడి చాలాయి. దీనికేం కొత్తగా వచ్చింది?" అన్నది. నేను, లెక్చరర్లకు అలవాటైన పద్ధతిలో, మూడు పక్షాలలోనూ బలం వున్నదన్నాను. దానితో ముగ్గురికీ నా మీద కోపం వచ్చింది.

మా అమ్మ చెప్పిన చదువు నాకు బాగా జ్ఞాపకం. తెల్లవారుజామున నమాజు కాగానే పాతగుంటూరులో మసీదు వసారాలో చాపల మీద పదిహేనుమందిమి కూర్చునేవాళ్ళం. ముందర చెక్క రెహల్, దాని మీద కాయిదా. కాయిదా అంటే అక్షరాలు, గుణింతాలు నేర్పే చిన్న పుస్తకం. అది పూర్తయితే ఖురానులోని చివరి పారా, ఆ తరవాత మొదటినుంచి ముప్ఫయి పారాలూ. హజరత్ చేతిలో బెత్తం. దాన్ని ఉపయోగించడంలో ఆయన పిసినారి కాడు. ఎనిమిదింటికి ఇంటికి పరుగెత్తి, చద్దన్నం తిని, పురపాలక పాఠశాలలో వేమన పద్యాలు అప్పజెప్పేవాణ్ణి. రెండు బడులకూ మధ్య ఒక్క మైలు దూరం. ఆ మైలు నేను పరుగెత్తుతూనే దాటాను గాని, రెండు చదువులకూ సంబంధం ఏమిటని ఏనాడూ ఆలోచించలేదు.

ఒక సంగతి పాఠకులకు మనవి చేయాలి. ముస్లిం పిల్లల చదువు అనగానే చాలామంది మిత్రులకు మదరసా తప్ప మరొకటి తోచదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం బడికి పోయే ముస్లిం పిల్లలలో మదరసాల్లో వున్నవారు నూటికి దాదాపు నలుగురే. తక్కినవారంతా అందరు పిల్లలూ చదివే బడుల్లోనే వున్నారు. మదరసా అంటే మతశాస్త్రాలు బోధించే పూర్తికాలపు పాఠశాల. ఆలిములు, మసీదు ఇమాములు తయారయ్యేది అక్కడ. నేను పోయిన మసీదు వసారా మక్తబు. అది బడికి పోయే పిల్లలకు పొద్దునో సాయంత్రమో గంటసేపు ఖురాను నేర్పుతుంది.

ఇక మా శ్రీమతి చెప్పిన ఇస్లామీ స్కూలు ఈ రెండూ కాదు. అక్కడ లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు అన్నీ మామూలు బడిలో మాదిరే చెబుతారు. వాటితోపాటు ఖురాను, అరబీ, మతాచారాలు పాఠాలలో చేర్చుతారు. మధ్యాహ్నం నమాజుకు గంట కొడతారు. పూర్తిగా ప్రభుత్వధనంతో నడిచే బడిలో మతబోధ వుండరాదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టి నడుపుకోవచ్చునని 30వ అధికరణం చెబుతుంది. ఈ రెండింటి నడుమ పుట్టినవే ఇలాంటి బడులు.

"ఆ బడే ఎందుకు?" అని మా శ్రీమతిని అడిగాను.

"మీరు మగవారు. తలమీద గుడ్డ వేసుకుని బడికి పోవలసిన పని మీకెప్పుడూ పడలేదు," అన్నది.

2022లో కర్ణాటకలో కళాశాల గేట్ల దగ్గర ఆడపిల్లలు నిలబడిపోయిన బొమ్మలు పత్రికల్లో ఆమె చూసింది. ఆ ఏడాది మార్చిలో అక్కడి హైకోర్టు ప్రభుత్వ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. ఆ వాదాలలో ఏ పక్షం న్యాయమైనదో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కాని ఆడపిల్లను కన్న తల్లి గుండెలో ఆ బొమ్మ ఎలా ముద్రపడిందో చెప్పక తప్పదు.

సరే, బడి చూసి వద్దామని ఇద్దరం బయలుదేరాం. వూరిచివర రెండంతస్తుల మేడ. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నపు నమాజు వేళ. వరండా పొడుగునా చిన్నచిన్న చెప్పులు బారులు తీరి వున్నాయి. లోపల ఒకటో తరగతి పిల్లలు కూడా పెద్దలను చూసి వంగుతూ, లేస్తూ, మధ్యలో పక్కవాడిని గిల్లుతూ నమాజు చేస్తున్నారు. ఒక పిల్ల ఖురాను చదివింది. ఏ అక్షరం గొంతులోంచి రావాలో, ఏది నాలుక కొసనుంచి రావాలో తప్పకుండా పలికింది. నలభై దాటిన నా నాలుక ఇంకా తప్పుతుంది. మా శ్రీమతి కళ్ళు చెమర్చాయి.

తరవాత ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఏడో తరగతికి వెళ్ళి ఒక కుర్రవాడిని తెలుగు వాచకం చదవమన్నాను. వాడు ఇంగ్లీషులో చక్కగా జవాబులు చెప్పినవాడే. తెలుగు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, చీకట్లో మెట్లు దిగుతున్నవాడిలాగా చదివాడు. తెలుగు మాస్టరు వెళ్ళిపోయి నాలుగు నెలలయిందట.

"మీరే మొదటివారండీ," అన్నారు ప్రధానోపాధ్యాయులు నొచ్చుకుంటూ. "వచ్చిన తల్లిదండ్రులందరూ ఇంగ్లీషు గురించి అడుగుతారు, అరబీ గురించి అడుగుతారు. తెలుగు గురించి ఎవరూ అడగలేదు."

ఆయన మాటలో కపటం లేదు. కాని పిఠాపురంలో ఉమర్ అలీషాగారు తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసిన నేల ఇది. ఈ నేల మీద పుట్టిన పిల్లవాడు పక్కింటివారి శుభలేఖ చదవలేకపోతే నా ప్రాణం వూరుకోలేదు.

మరుసటి నెలలో ఇంటి చదువు చూడడానికి హైదరాబాదు వెళ్ళాం. టోలీచౌకీలో మా శ్రీమతి స్నేహితురాలి కుటుంబం. 2020లో కరోనా వల్ల బడులు మూతబడినప్పుడు పిల్లలు ఇంట్లో చదవడం మొదలుపెట్టారు. బడులు తెరిచినా వీరు మళ్ళీ పంపలేదు. గోడమీద దినచర్య కాగితం. తెల్లవారగానే ఖురాను, హాఫిజు గారొకరు ఫోనులో కనిపిస్తూ కంఠస్థం చేయిస్తారు. టిఫిను తరవాత లెక్కలు, సైన్సు. మధ్యాహ్నం ఎవరికి నచ్చిన పుస్తకం వారిది. పరీక్షల సంగతి అడిగితే, జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా రాయిస్తామన్నారు. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలై, 2002లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. పధ్నాలుగేళ్ళు నిండితే బడికి పోకుండానే పదో తరగతి పరీక్షకు కూర్చోవచ్చు. తెలుగులోనూ ఉర్దూలోనూ కూడా రాయవచ్చు.

పదకొండేళ్ళ పెద్దకుర్రవాడు గ్రహాల గురించి నాకు ఒక గంట పాఠం చెప్పాడు. ఒక్క తప్పు లేదు. అడగడానికి జంకులేదు, మార్కుల భయం లేదు. నా తరగతిలో ఇలాంటివాడు ఒక్కడుంటే చాలుననిపించింది. మేం లేచేటప్పుడు వాడు గేటుదాకా వచ్చి, "అంకుల్, కాసేపు క్యారంస్ ఆడి వెళ్ళకూడదూ?" అన్నాడు. రైలు వేళయిందన్నాను. "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అన్నాడు. వాడు నన్ను చూసి రెండు గంటలే అయింది.

వాళ్ళమ్మ కూడా గుమ్మందాకా వచ్చింది. "మూడేళ్ళయింది నేను పుట్టింట్లో నాలుగురోజులు వుండి," అన్నది నవ్వుతూనే.

రైలు మిర్యాలగూడ దాటేదాకా మా శ్రీమతి నోరువిప్పలేదు. తరవాత మెల్లగా అన్నది: "ఇంటి చదువు అంటే పిల్ల చదువని మీ అన్నాచెల్లెళ్ళు అనుకుంటున్నారు. అది తల్లి వుద్యోగం. జీతం వుండదు, సెలవు వుండదు. పిల్ల తప్పితే తల్లి తప్పినట్టే. నేను బి.ఇడి. చదివి మూడేళ్ళు లెక్కలు చెప్పాను. చెప్పలేక కాదు. కాని ఆ దినచర్య కాగితంలో ఆ పిల్లల తండ్రి పేరు ఒక్క గంటకైనా లేదు. మీరు చూశారా?"

నేను చూడలేదు.

ఇంటి చదువుకు చట్టం ఏమంటుందో కూడా విచారించాను. 2010 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరునుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని చెప్పింది. చేర్చనివారికి శిక్ష మాత్రం రాయలేదు. మదరసాలకు, వేదపాఠశాలలకు ఆ చట్టం వర్తించదని 2012లో సవరణ చేశారు. ఇంటి చదువుకు అలాంటి సవరణ లేదు. చట్టం దాన్ని పేరుపెట్టి ఒప్పుకోలేదు, పట్టుకుని దండించనూ లేదు. మా చెల్లెలుండే టెక్సాసులో ఇంట్లో చదివించుకునేవారు ప్రభుత్వం దగ్గర నమోదు కూడా చేసుకోనక్కరలేదు. అదే న్యూయార్కు రాష్ట్రంలో అయితే ముందుగా తెలియజేసి, మూడు నెలలకొకసారి నివేదిక పంపాలి. జర్మనీలోనైతే ఇంటి చదువు దాదాపు కుదరనే కుదరదు.

పాతచరిత్ర తిరగేస్తే ఇల్లూ బడీ అనే ఈ తగాదా నాకు అంత పెద్దదిగా కనిపించలేదు. మక్కాలో ప్రవక్త తొలి శిష్యులకు బోధించింది అర్కమ్ అనే ఆయన ఇంట్లో. మదీనాలో మసీదు పక్కన సుఫ్ఫా అనే అరుగుమీద ఇల్లూవాకిలీ లేని శిష్యులు వుంటూ చదువుకునేవారు. అంటే ఇల్లు మొదటి బడి, అరుగు రెండో బడి.

బెంగాలులో 1880లో పుట్టిన రొకేయా బేగంకు బడి లేదు. పరదా ఇంట్లో పెరిగిన ఆమెకు అన్నగారు రాత్రివేళ అందరూ నిద్రపోయాక దొంగచాటుగా ఇంగ్లీషు, బెంగాలీ నేర్పారు. ఇంటి చదువు గొప్పదని ఆమె అంతటితో వూరుకోలేదు. భర్త పోయాక 1909లో భాగల్పూరులో అయిదుగురు ఆడపిల్లలతోనూ, 1911లో కలకత్తాలో ఎనిమిదిమందితోనూ ఆయన పేరిట బడి పెట్టారు. కలకత్తా బడి నేటికీ నడుస్తున్నది. అలాంటి అన్న అందరి ఇళ్ళల్లోనూ వుండడని ఆమెకు తెలుసు.

అమెరికాలో 1930లలో డెట్రాయిట్ నగరంలో క్లారా ముహమ్మద్ అనే నల్లజాతి తల్లి ప్రభుత్వ బడిని కాదని పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టారు. వారిది నేషన్ ఆఫ్ ఇస్లాం అనే వర్గం. వారి సిద్ధాంతాలతో తక్కిన ముస్లింలకు పేచీ వుండేది గాని, ఆ తల్లి పట్టుదలను ఎవరూ కాదనలేరు. 1934లో అధికారులు కేసులు పెట్టినా ఆమె జంకలేదు. ఆ ఇంటి చదువే పెరిగి అనేక నగరాలలో బడులయింది. 1975 తరవాత ఆమె కుమారుడు ఆ బడులకు తల్లిపేరు పెట్టాడు. ఎటు చూసినా బడికి పుట్టిల్లు ఇల్లేనని తేలింది.

ఇంత చరిత్ర చదివినా మా అమ్మాయి విషయంలో ఏదీ తేలలేదు. తేల్చింది అమ్మాయే.

ఒకనాటి రాత్రి నేను నమాజు ముగించి చాప మడుస్తుంటే పక్కకు వచ్చి, "అబ్బూ, ఇందాక చదివారే, దానికి అర్థమేమిటి?" అన్నది.

"దేవుణ్ణి పొగిడి, మంచిదారి చూపమని అడగడం," అన్నాను.

"అలా కాదు. ఒక్కొక్క మాటకూ చెప్పండి."

పాఠకులు నమ్మాలి. గజేంద్రమోక్షంలో ఏ పద్యం అడిగినా ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశాలు చెప్పగలను. ఒక్క పదానికి అర్థం వదిలేసిన విద్యార్థికి మార్కులు కోస్తాను. కాని చిన్నప్పటినుంచి రోజూ నోటితో పలుకుతున్న ఏడు వాక్యాలకు పదం పదం అర్థం చెప్పమంటే మూడోమాట దగ్గర ఆగిపోయాను. పిల్ల కాసేపు చూసి, "పోనీలెండి, బడిలో అడుగుతాను," అన్నది. నన్ను ఓదార్చాలనే అన్నది పాపం. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నేను ఇన్నాళ్ళూ చేసిందేమిటి? నాకు రానిదాన్ని పిల్లకు నేర్పే పని ఎవరికి అప్పగిస్తే బాగుంటుందా అని వెతుకుతున్నాను. బడికి ఫీజు కడితే తీరుతుందా, తల్లిమీద పెడితే తీరుతుందా, చెల్లెలు చెప్పిన ఫోను గురువుగారితో తీరుతుందా అని బేరీజు వేస్తున్నాను. ఇస్లామీ బడిలో వేస్తే మతం బాధ్యత తీరిందనుకోవడం, ఇంట్లో పెట్టుకుంటే లోకంతో పని లేదనుకోవడం, రెండూ ఒక్క పొరపాటుకే రెండు పేర్లు. ఇంట్లో తండ్రి నోట వినని మాట బడిలో ఎంత చక్కగా నేర్పినా పిల్లకు పరీక్ష పాఠమే అవుతుంది.

పొద్దున్నే మా శ్రీమతితో ఆ మాటే అన్నాను. ఆమె, "ఇప్పటికైనా దినచర్య కాగితంలో మీ పేరు ఎక్కింది," అన్నది.

చివరికి చేసింది ఇది. అమ్మాయిని వూరిచివరి ఇస్లామీ బడిలోనే వేశాం. అక్కడ లెక్కల టీచరు కావాలంటే మా శ్రీమతి చేరింది. తల్లీకూతుళ్ళు ఒకే బస్సులో వెళ్ళి వస్తారు. తెలుగు మాస్టరు దొరికేదాకా శనివారం మధ్యాహ్నం వచ్చి ఒక గంట పాఠం చెబుతానన్నాను. ప్రధానోపాధ్యాయులు సంతోషించారు. ఏడో తరగతి కుర్రవాడు మాత్రం అంత సంతోషించినట్లు కనిపించలేదు. ఇక సాయంత్రం నమాజు తరవాత అమ్మాయీ నేనూ మసీదు వసారాకు వెళతాం. నన్ను కొట్టిన హజరత్ ఇప్పుడు లేరు. వారి స్థానంలో వున్న యువకుడు నాకంటే పదేళ్ళు చిన్న. ఆయన ముందు పిల్లల పక్కన చాపమీద కూర్చుని పదం పదం అర్థం రాసుకుంటున్నాను. మొదటిరోజు మోకాళ్ళు నొప్పిపెట్టాయి. సిగ్గు అంతకంటే ఎక్కువ నొప్పిపెట్టింది. రెండూ వారానికి సర్దుకున్నాయి.

ఇదే అందరికీ దారి అని చెప్పను. ఇస్లామీ బడి చూడబోయే తల్లిదండ్రులు మసీదు గదితోపాటు ప్రయోగశాల కూడా చూడండి. ప్రభుత్వ గుర్తింపు వున్నదా, ఏ బోర్డు పరీక్ష రాయిస్తారు, ఈ నేల భాష నేర్పేవారున్నారా, పిల్ల ప్రశ్న వేస్తే సంతోషిస్తారా కసురుకుంటారా, ఇవి అడగండి. ఇంట్లో చదివించదలచినవారు ముందు దినచర్య కాగితం రాసి, అందులో తండ్రికి ఎన్ని గంటలో, తల్లికి ఎంత విశ్రాంతో, పిల్లకు ఎందరు స్నేహితులో చూసుకోండి. పదో తరగతి పరీక్ష ఎలా రాయించేదీ ముందే తేల్చుకోండి. ఏ దారి పట్టినా ఏడాదికొకసారి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలా వుంది?" అని అడగండి. ఒకసారి నిర్ణయించాం గదా అని మొండికి పోకండి.

మొన్న చెల్లెలు ఫోను చేసి, "అయితే ఓడిపోయావన్నమాట, భాయీజాన్," అన్నది. ఓడింది నేనే గాని ఇంటి చదువు కాదన్నాను. కాసేపు ఆగి, వాళ్ళ పెద్దవాడు వచ్చే ఏడు బడికి పోతానని అడుగుతున్నాడనీ, ఏం చేయాలో తోచడం లేదనీ చెప్పింది. మూడు పక్షాలలోనూ బలం వున్నదని ఈసారి అనలేదు. వాడు ఎందుకు అడుగుతున్నాడో వాణ్ణే అడగమన్నాను.

నిన్న సాయంత్రం మా అమ్మాయి పలకమీద ఒక పక్క అలిఫ్, ఒక పక్క అ రాసుకుని చాలాసేపు చూసింది. "అబ్బూ, ఇది నిలబడింది, ఇది కూర్చుంది," అన్నది.

ఏ వ్యాకరణంలోనూ ఈ సూత్రం లేదు. నేను మాత్రం రాసిపెట్టుకున్నాను.